శాన్ వాకీన్ లోయలో, బోరు నీళ్ల వెంట

కాలిఫోర్నియా వెళ్లిన మనవాళ్లు యోసెమిటీ, లేక్ తాహో చూసి వస్తారు. నాకు ఈసారి శాన్ వాకీన్ లోయ చూడాలనిపించింది. మాది నల్గొండ జిల్లా, ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగినదాన్ని. అమెరికాలో కూడా బోర్లు విపరీతంగా తోడేస్తే నేల కుంగుతోందనీ, నీళ్లలోకి ఆర్సెనిక్ అనే విషపదార్థం వస్తోందనీ చదివినప్పటి నుంచీ ఆ లోయ నా మనసులోంచి పోలేదు. ఫ్రీమాంట్‌లో ఉండే తమ్ముడు "అక్కడేముందక్కా, తోటలూ ఎండా తప్ప" అన్నాడు గానీ, శనివారం పొద్దున్నే కారు తీశాడు.

గిల్‌రాయ్ దగ్గర మలుపు తిరిగి పచేకో కనుమ ఎక్కి దిగితే శాన్ లూయిస్ రిజర్వాయరు, అది దాటాక కొండలు వెనకబడిపోయి ఇక అంతా బల్లపరుపు నేలే. మైళ్లకు మైళ్లు బాదం, పిస్తా, టమాటా. ప్రపంచంలో పండే బాదంలో దాదాపు 80 శాతం కాలిఫోర్నియాదే, మన ఇళ్లలో రాత్రి నానబెట్టుకునే పప్పుల్లో చాలావరకు ఈ లోయలోంచే వస్తాయి. వాన తక్కువ, కాలవల్లో నీళ్లు సరిపోవు, కరువొస్తే అసలు రావు, అప్పుడిక బోర్లే దిక్కు. ఈ కథ నల్గొండవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫైర్‌బా ఊరి దగ్గర కాలవ మీది వంతెన చూసి ఆగాం. కట్టినప్పుడు నీటికి బాగా పైన ఉండాల్సిన వంతెన, ఇప్పుడు నీళ్లను తాకేంత కిందికి వచ్చేసింది. చుట్టుపక్కల నేల మొత్తం దిగిపోతే వంతెన కూడా దానితోపాటే దిగింది. ఇక్కడికి దగ్గర్లోనే, మెండోటా నైరుతి దిక్కున, జోసెఫ్ పోలండ్ అనే శాస్త్రవేత్త 1977లో ఒక కరెంటు స్తంభం పక్కన నిలబడి ఫొటో దిగాడు. స్తంభానికి చాలా ఎత్తున 1925 అని ఒక పలక, ఆయన తలకు పైన 1955 అని ఇంకోటి, పాదాల దగ్గర 1977. ఆయా సంవత్సరాల్లో నేలమట్టం అక్కడుండేది. అంటే యాభై ఏళ్లలో దాదాపు 9 మీటర్లు కుంగింది. ఆ ఫొటో ఎన్నిసార్లో చూశాను గానీ, ఆ నేల మీద నిలబడ్డాక వచ్చిన గుబులు వేరు.

ఆర్సెనిక్‌ను ఎవరో తెచ్చి పోసింది కాదు. కొండల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులో సహజంగానే ఉంది. భూమి లోపల ఇసుక పొరల మధ్య మందపాటి బంకమట్టి పొరలుంటాయి. గాలి అందని ఆ పొరల్లో ఇనుము తుప్పు కరిగి, దాన్ని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ నీళ్లలోకి వదిలేస్తుంది. ఆ నీళ్లు మామూలుగా బంకమట్టిలోనే ఇరుక్కుని ఉంటాయి. పెద్ద మోటార్లతో ఇసుక పొరలను అదే పనిగా తోడేస్తే తడిబట్ట పిండినట్టు మట్టి నలిగి ఆ నీళ్లన్నీ ఇసుక పొరలోకి వచ్చేస్తాయి, బోర్లలోకి వస్తాయి. పైన నేల కుంగడం, కింద నీళ్లు చెడడం, రెండూ ఒకే పని ఫలితం. స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 2018లో నేల కుంగిన లెక్కలనూ బావుల నీటి పరీక్షలనూ పక్కపక్కన పెట్టి ఈ సంగతే చూపించారు.

మెండోటా నుంచి ఫ్రెస్నో మీదుగా 43వ నంబరు రోడ్డు పట్టుకుని దక్షిణానికి వెళ్లాం. కోర్కరన్ దగ్గర అంతా పాత టులారి సరస్సు అడుగు. మిసిసిపీ నదికి పడమట అంత పెద్ద మంచినీటి సరస్సు ఒకప్పుడు ఇంకోటి లేదు. నదుల్ని మళ్లించి, ఎండగట్టి పొలాలు చేసుకున్నారు. 2023 వానలకు అది తిరిగొచ్చి పొలాలను ముంచేసింది కూడా. దాని కంటే ముందు, 2014 కరువులో, కోర్కరన్ పక్కన ఒకచోట ఎనిమిది నెలల్లో 13 అంగుళాలు నేల దిగిందని నాసా ఉపగ్రహాలతో కొలిచి చెప్పింది.

ఆ రోడ్డు మీదే ఇంకాస్త ముందుకెళ్తే ఆలెన్స్‌వర్త్. బానిసగా పుట్టి సైన్యంలో లెఫ్టినెంట్ కర్నల్ దాకా ఎదిగిన ఆలెన్ ఆలెన్స్‌వర్త్, నల్లజాతివాళ్లు తమ ఊరు తామే నడుపుకోవాలని 1908లో పెట్టిన ఊరిది. ఆనాటి బడి, లైబ్రరీ, ఆయన ఇల్లు చక్కగా బాగుచేసి పార్కుగా ఉంచారు. నీళ్లకు ఈ ఊరు మొదటి నుంచీ కష్టపడుతూనే ఉంది, 1960ల నాటికే బావుల్లో ఆర్సెనిక్ ఉందని తేలింది. పార్కు పక్కన ఇప్పటికీ మనుషులున్నారు, ఎక్కువమంది చుట్టుపక్కల తోటల్లో కూలిపని చేసే కుటుంబాలు. ఇంటి ముందు ఐదు గ్యాలన్ల నీళ్ల డబ్బాలు దించుకుంటున్న ఒక పెద్దావిడతో మాట కలిపాం. కుళాయి నీళ్లు స్నానానికి, గిన్నెలకే వాడతామంది. "మరిగిస్తే సరిపోదా?" అని మా తమ్ముడు అడిగితే, మరిగిస్తే నీళ్లు ఆవిరైపోతాయి, ఆర్సెనిక్ మిగిలిపోయి ఇంకా చిక్కబడుతుంది అని ఓపిగ్గా చెప్పింది. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఏళ్ల తరబడి తాగితే చర్మం మీద మచ్చలు, చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లు.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. బోరు ఎండితే పెద్ద తోటవాళ్లు ఇంకా లోతుకు వేయించుకుంటారు. ఐదొందల గడప లేని ఊరు కొత్త బావికీ శుద్ధి ప్లాంటుకూ డబ్బెక్కడ తెస్తుంది? శుభ్రమైన నీళ్లు ప్రతి మనిషి హక్కని ఈ రాష్ట్రమే 2012లో చట్టం చేసుకుంది. భూగర్భజలాల వాడకాన్ని అదుపు చేసే చట్టం 2014లో వచ్చింది, బాగా తోడేసిన ప్రాంతాలకు 2040 దాకా గడువిచ్చారు. అప్పటిదాకా ఆ డబ్బాలు మోసేది ఆవిడే కదా! ఆశ లేకపోలేదు. అతిగా తోడడం ఆపితే నీళ్లు మళ్లీ బాగుపడే వీలుందని ఆ స్టాన్‌ఫర్డ్ పరిశోధనే చెబుతోంది, దశాబ్దాల కిందట కుంగి ఆగిన చోట్ల ఆ దోషం అంతగా కనిపించలేదట.

ఫ్రెస్నో, బేకర్స్‌ఫీల్డ్ వైపు సొంత బోరున్న ఇల్లు కొనే మనవాళ్లకు ఒక మాట. సొంత బోరు నీళ్లను అక్కడి ప్రభుత్వం పరీక్షించదు, మనమే చేయించుకోవాలి. అమ్మేవాళ్లు "నీళ్లు తియ్యగా ఉంటాయి" అంటే సరిపోదు, ల్యాబ్ రిపోర్టు చూడండి. ఆర్సెనిక్‌కు 2006 నుంచి అమల్లో ఉన్న పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంతకు ముందు 50 ఉండేది. ఎక్కువుంటే తాగడానికీ వంటకూ ఆర్‌ఓ పెట్టించండి, పెట్టించాక ఆ నీళ్లను కూడా ఒకసారి పరీక్షకు పంపండి.