మా టీమా, మన టీమా?

మా అమ్మ తెనాలి నుంచి కెనడాలోని ఎడ్మంటన్ వచ్చేసరికి మా ఊరి ఐస్ హాకీ జట్టు ఆయిలర్స్ ఆటల మీద ఆటలు ఓడిపోతున్నారు. 2023 అక్టోబర్ అది. సీజన్ మొదటి ఆటలోనే వాంకూవర్ చేతిలో 8-1తో చిత్తయ్యారు. తొమ్మిదేళ్ల మావాడు బడి నుంచి వచ్చి బ్యాగు పడేసి, అమ్మమ్మ ఏదైనా అడిగితే ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు చెప్పి గదిలోకి వెళ్లిపోయేవాడు. ఆవిడకి అర్థమయ్యేది కాదు. ఆర్నెల్లు మనవల దగ్గర ఉందామని అంత దూరం నుంచి వచ్చిన మనిషి. నాకు ప్రాణం ఉసూరుమనేది.

అప్పటికే హాకీ అంటే నాకు భయం పట్టుకుంది. శనివారం పొద్దున తెలుగు క్లాసు, అదే టైముకి వాడి ప్రాక్టీసు. ఇంకా తెల్లవారకముందే రింకులో మోకాళ్ల మీద కూర్చుని వాడి స్కేట్ల లేసులు లాగి కట్టేదాన్ని. వేళ్లు కొంకర్లు పోయేవి. మధ్యలో ఒక వరస వదులైనా చీలమండ నిలవదు, అందుకని కింది నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. కట్టడం అయ్యాక 'థాంక్స్ మామ్' అని ఐసు మీదికి పరిగెత్తేవాడు. ఏడాదిపాటు రెండింటికీ తిప్పాం. చివరికి తెలుగు క్లాసు మానేశాడు. ఆ రాత్రి నేను ఏడ్చాను. వీణ్ణి ఈ ఆట మా చేతుల్లోంచి లాక్కుపోతోందని గట్టిగా నమ్మాను.

నవంబర్ 9న శాన్ హోసే చేతిలో కూడా ఓడిపోయారు. లీగ్ మొత్తంలో అట్టడుగున ఉన్న జట్టది. పన్నెండు ఆటలు ఆడితే ఆయిలర్స్ గెలిచినవి రెండే. మావాడు సోఫాలో దిండు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. అమ్మ పక్కన కూర్చుని వీపు నిమురుతూ అడిగింది.

"ఏమైందిరా నాన్నా?"

"మా టీమ్ ఓడిపోయింది."

"మా టీమ్ ఏంటి? నేనూ నీ పక్కనే కూర్చుని చూస్తున్నాగా ఇన్ని రోజుల నుంచి. మన టీమ్ అనాలి."

వాడు ఏడుపు ఆపి నా వైపు చూశాడు. రెండింటికీ తేడా ఏంటని ఇంగ్లిష్‌లో అడిగాడు. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే మాట కదా, వాడికి ఎప్పుడూ ఆ అవసరమే రాలేదు. ఎదుటి మనిషిని కూడా కలుపుకుంటే 'మన', కలుపుకోకపోతే 'మా' అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మా స్కూల్, మన ఇల్లు, మా కోచ్..." అని ఒక్కొక్కటే అమ్మమ్మకి అప్పజెప్పాడు. ఆవిడ ఒక్కోదానికీ తలూపింది.

మూడు రోజులకి, సరిగ్గా దీపావళి నాడు, ఆయిలర్స్ కోచ్‌ని తీసేశారు. కొత్తగా క్రిస్ నోబ్లాక్ వచ్చాడు, ఆయిలర్స్ కెప్టెన్ మెక్‌డేవిడ్ కుర్రాడిగా ఉన్నప్పుడు అతనికి జూనియర్ జట్టులో కోచింగ్ ఇచ్చినాయన. డిసెంబర్ 21 నుంచి వరసగా గెలుస్తూ ఇంక ఆగలేదు. ఇక్కడ హాకీకి పంజాబీలో కామెంటరీ వచ్చేది, 2008లో మొదలైంది. మొదట్లోనే చెప్పినవాళ్లలో హర్నారాయణ్ సింగ్ మా ఆల్బర్టా రాష్ట్రంలోని బ్రూక్స్ అనే చిన్న ఊళ్లో పెరిగినవాడే. ఒకరోజు ఛానెల్ మారుస్తుంటే అది తగిలింది. అమ్మ ఆశ్చర్యపోయి, "వాళ్ల భాషలో చెప్తున్నారే! తెలుగులో లేదురా?" అంది. లేదన్నాడు. "పోనీ నువ్వు చెప్పు" అంది. సిగ్గుపడి పారిపోయాడు.

జనవరి 13, శనివారం. తెల్లారితే భోగి. బయట మైనస్ 40 దగ్గర ఉంది. వంటింట్లో నేనూ అమ్మా అరిసెలు వేస్తున్నాం, హాల్లో వాడు మాంట్రియల్‌తో ఆట చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాయి. ప్రభుత్వం నుంచి హెచ్చరిక: చలికి కరెంటు వాడకం హద్దు దాటిపోతోంది, అవసరం లేనివన్నీ వెంటనే కట్టేయండి, లేకపోతే వంతులవారీగా కోత పెట్టాల్సి వస్తుందని. ఆ చలిలో ఇంట్లో కరెంటు పోతే ఏమవుతుందో ఇక్కడ ఉన్నవాళ్లకి తెలుసు. ఫర్నేసు ఫ్యాను కూడా తిరగదు. స్టవ్ ఆపేశాం, లైట్లు తీసేశాం, టీవీ కట్టేశాం. ఊరూ రాష్ట్రమూ అంతా అదే పని చేశారు, నిమిషాల్లోనే 200 మెగావాట్ల దాకా తగ్గిందని తర్వాత చెప్పారు. కోత పెట్టలేదు.

అమ్మ దేవుడి దగ్గర ప్రమిద తెచ్చి హాల్లో పెట్టింది. మావాడి మొహం చూసి మావారు తన ఫోన్‌లో రేడియో కామెంటరీ పెట్టారు. చీకట్లో అందరం దుప్పట్లు కప్పుకుని దాని చుట్టూ చేరాం. అమ్మకి ఒక్క ముక్క అర్థం కావట్లేదు. "ఏమంటున్నార్రా?" అంది. వాడు చెప్పడం మొదలుపెట్టాడు. దీపం వెలుగులో ఎవరి మొహాలూ సరిగ్గా కనపడకపోవడం వల్లేమో, ఈసారి సిగ్గుపడలేదు. మాట దొరక్కపోతే ఆగి అడిగేవాడు. పాస్‌కి తెలుగేంటి? అందించాడు అను. పెనాల్టీ బాక్స్? తప్పు చేసిన ఆటగాణ్ణి కాసేపు ఆట బయట కూర్చోబెట్టే చోటది. అమ్మే చెప్పింది, "బళ్లో గోడకుర్చీ వేయించేవాళ్లురా, అట్టాంటిదే." అప్పట్నుంచి మా ఇంట్లో పెనాల్టీ బాక్స్ లేదు. రెండు నిమిషాల గోడకుర్చీ, నాలుగు నిమిషాల గోడకుర్చీ. ఓవర్‌టైమ్‌లో బూషార్డ్ గోల్ కొట్టి 2-1తో గెలిపించినప్పుడు మనవడూ అమ్మమ్మా కలిసి అరిచిన అరుపుకి పైన నిద్రపోతున్న చిన్నది లేచి కూర్చుంది. అది వరసగా పదో గెలుపు. పొద్దున్నే చిన్నదానికి భోగిపళ్లు పోశాం. రేగుపళ్లు దొరక్క ద్రాక్షపళ్లూ చిల్లరా కలిపాం. పోస్తూ పోస్తూ అమ్మ మనవడి నెత్తిన కూడా ఒక గుప్పెడు వేసింది, "పదకొండోది కూడా గెలవాలి" అంటూ.

పదకొండేమిటి, పదహారు దాకా వెళ్లారు. 1993 నుంచి పిట్స్‌బర్గ్ పేరిట ఉన్న 17 గెలుపుల రికార్డుకి ఒక్కటి తక్కువలో, ఫిబ్రవరి 6న లాస్ వేగాస్‌లో ఆగింది.

ఆ నెలలోనే అనుకుంటా, ఇండియా నుంచి ఫోన్ చేసిన చుట్టాలాయన మావాణ్ణి "మీ ఊరేదిరా?" అని అడిగారు. ఎడ్మంటన్ అన్నాడు. "అది కాదు, అసలు ఊరు" అన్నారాయన నవ్వుతూ. ఈ ప్రశ్న మనవాళ్లు ఎంత ప్రేమగా అడిగినా పిల్లలకి గుచ్చుకుంటుంది. వాడు మొహం చిన్నబుచ్చుకుని, "గోలీ స్కినర్ కూడా ఎడ్మంటన్‌లోనే పుట్టాడు, నాలాగే" అన్నాడు. ఆయిలర్స్ గోల్‌కీపర్ సంగతి ఆయనకి అర్థం కాలేదు. పక్కనున్న అమ్మ మాత్రం ఫోన్ అందుకుని, "వాడిది ఈ ఊరేలే" అని మాట మార్చేసింది. నేను తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట పైకి అనలేకపోయాను.

ఏప్రిల్ రెండో వారంలో అమ్మ వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండ్రోజులకో మూడ్రోజులకో మెక్‌డేవిడ్ ఆ సీజన్‌లో నూరో అసిస్ట్ చేశాడు, అంటే నూరోసారి తన పాస్‌తో ఇంకొకరి చేత గోల్ కొట్టించాడు. వీడే ఫోన్ చేసి, "అమ్మమ్మా, వంద సార్లు అందించాడు!" అన్నాడు. ఒక సీజన్‌లో నూరు అంతకుముందు పాతకాలం మేటి ఆటగాళ్లు ఓర్, గ్రెట్‌స్కీ, లెమ్యూ మాత్రమే చేశారు. ఆవిడకి ఆ పేర్లతో పని లేదు. "తను కొట్టుకోకుండా వంద సార్లు పక్కవాడికి ఇచ్చాడా!" అని ముచ్చటపడింది.

సీజన్ చివర కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో లాస్ ఏంజెలెస్‌ని, వాంకూవర్‌ని, డాలస్‌ని దాటి 2006 తర్వాత మళ్లీ ఫైనల్‌కి చేరారు. ఊరంతా నారింజ రంగు. ఫైనల్ అంటే ఏడు ఆటలు, ముందు నాలుగు గెలిచినవాళ్లదే కప్పు. ఫ్లోరిడాతో మొదటి మూడూ ఓడిపోయారు. ఫైనల్‌లో 0-3 నుంచి లేచి కప్పు కొట్టింది 1942లో టొరంటో ఒక్కటే అని మావాడు రోజూ చెప్పేవాడు. నాలుగోది 8-1తో గెలిచారు. సీజన్ మొదటి రోజు ఓడిపోయిన స్కోరే, తిరగబడింది. అయిదోది, ఆరోది కూడా గెలిచారు.

జూన్ 24 సాయంత్రం ఆరింటికి ఏడో ఆట. తెనాలిలో 25 తెల్లవారుజామున అయిదున్నర. వాట్సాప్‌లో అమ్మ వరండాలో కాఫీ గ్లాసుతో కూర్చుని ఉంది, వెనక ఎవరో వాకిలి ఊడుస్తున్న చప్పుడు. మావాడు ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి టీవీ సౌండ్ తీసేశాడు. నేలమీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టాడు. "వాళ్ల దగ్గరుంది... వస్తున్నారు... అయ్యో, గోల్. వాళ్లకి." రెండు నిమిషాలకే మన జాన్‌మార్క్ సమం చేస్తే వాడి అరుపుకి అక్కడ ఊడుస్తున్నావిడ కూడా ఫోన్‌లోకి తొంగి చూసింది. రెండో పీరియడ్‌లో ఫ్లోరిడా ఆటగాడు రైన్‌హార్ట్ కొట్టాడు, 2-1. చివరి పీరియడ్ అంతా ఆపకుండా చెప్తూనే ఉన్నాడు. "ఇంక కొంచెమే టైముంది అమ్మమ్మా. గోలీని కూడా బయటికి పిలిచేసి గోల్ కొట్టడానికి ఇంకొకణ్ణి దింపారు. అందరూ అక్కడే ఉన్నారు. కొట్టట్లేదు. ఎవరూ కొట్టట్లేదు." ఏ క్లాసులోనూ ఎవరూ నేర్పని తెలుగు అది.

అయిపోయింది. ఇక్కడా అక్కడా ఎవరం మాట్లాడలేదు.

"మనం ఓడిపోయాం అమ్మమ్మా" అన్నాడు.

టీవీలో ప్లేఆఫ్స్ అంతటికీ మేటి ఆటగాడని మెక్‌డేవిడ్ పేరు పిలిచారు. ఓడిన జట్టు వాడికి ఇవ్వడం చాలా అరుదు. కానీ అందుకోవడానికి అతను బయటికి రాలేదు. మావాడు అది కూడా చెప్పాడు, గొంతు పూడుకుపోతుంటే.

"పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నాడో లేదో ఆ పిల్లాడు" అంది అమ్మ.

"తినుండడు" అన్నాడు వాడు, చొక్కా చేతికి కళ్లు తుడుచుకుంటూ.