ఈ వారం ఓర్పు

"సూప్ చల్లారిపోతోంది సబా" అన్నాను మూడోసారి, కాస్త విసుగ్గానే. సబా అంటే హీబ్రూలో తాత. ఆయన స్పూన్ పక్కన పెట్టి నవ్వారు. "ఈ వారం మనది ఏ గుణం?"

సవ్లనూత్. ఓర్పు. దొరికిపోయా!

టెల్ అవీవ్‌లో ఈ తాతగారి దగ్గర పనిలో చేరాక ఇద్దరం కలిసి ముసార్ సాధన చేస్తున్నాం, అంటే మన గుణాల్ని దిద్దుకునే యూదుల సంప్రదాయం. 13 గుణాలు, వారానికొకటి, ఏడాదికి నాలుగు విడతలు, ఎక్కడ తప్పామో రాత్రి నోట్‌బుక్‌లో చుక్క పెట్టుకోవాలి. నా పేజీ చూస్తే చీమలు పాకినట్టుంటుంది.

ఆ హీబ్రూ మాటకి మూలం బరువు మోయడమట. నేనేమో ఓర్పంటే పళ్లు బిగబట్టి ఊరుకోవడం అనుకున్నా ఇన్నాళ్లూ.

సూప్ మళ్లీ వేడిచేసి తెచ్చా. సగం చొక్కా మీదే ఒలికింది, ఎందుకో ఇద్దరికీ ఒకటే నవ్వు. ఇవాళ ఒక్క చుక్కే.