హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చిన పిల్లల రంది

2020 మార్చిలో కరోనా వల్ల హాస్టళ్లు ఖాళీ చేయమన్నప్పుడు చాలామంది రెండు జతల బట్టలు, ఒక చార్జర్ బ్యాగులో వేసుకుని ఊరి దారి పట్టారు. పుస్తకాలు రూముల్లోనే ఉండిపోయాయి. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనూ, పాలమూరు యూనివర్సిటీలోనూ ఇదే సంగతి. చివరి ఏడాది వాళ్లకు పరీక్షలు ఉంటాయో ఉండవో ఆగస్టు 28న సుప్రీంకోర్టు తేల్చేదాకా తెలియలేదు. కాస్త కుదురుకునేలోపే 2021 మార్చి 24 నుంచి కాలేజీలు మళ్లీ మూత, మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్.

అప్పుడు ఏ వెబినార్ చూసినా పాజిటివ్‌గా ఆలోచించమనే చెప్పారు. దాంతో ఒరిగిందేమీ లేదు. వైరస్ అంటే బుగులు ఉన్నమాట నిజమే గానీ, పిల్లల్ని రోజూ లోపలి నుంచి తిన్నది పొద్దు లెక్క తప్పడం. హాస్టల్లో రోజును నిలబెట్టేవి మెస్ టైము, బస్సు టైము, క్లాసు టైము. ఇంటికి రాగానే ఆ మూడూ ఒకేసారి పోయాయి. అందుకే మనసు సంగతి తర్వాత, ముందు పొద్దు సంగతి చూడాలి. మళ్లీ ఎప్పుడైనా కాలేజీలు మూతబడినా, ఉద్యోగ పరీక్షలకు ఇంట్లోనే కూర్చుని చదువుతున్నా ఇదే వరస.

తెల్లవారి మూడింటికి పడుకుని పదకొండింటికి లేచేవాళ్లు అందరూ చేసే పని, "ఈ రాత్రి నుంచి పదింటికే పడుకుంటా" అనుకోవడం. పడుకుంటారు, నిద్ర రాదు, ఫోన్ చేతికొస్తుంది, మళ్లీ మూడు. పడుకునే టైము మన చేతిలో ఉండదు, లేచే టైము ఉంటుంది. కాబట్టి దాన్నే పట్టుకోవాలి. పదకొండు నుంచి ఒక్కసారిగా ఆరుకు దూకొద్దు. రెండు రోజులకోసారి అరగంట ముందుకు జరపాలి. లేచిన గంటలోపు 20 నుంచి 30 నిమిషాలు ఆరుబయట వెలుతురులో ఉండాలి. బాయికాడికి నడిచినా, వాకిట్లో కూర్చున్నా సరే. పొద్దటి వెలుతురు కంట్లో పడితేనే ఒంట్లో గడియారం సర్దుకుంటుంది. కిటికీ పక్కన కూర్చుంటే ఆ వెలుతురు చాలదు. సాయంత్రం నాలుగు దాటాక చాయ్ వద్దు. పగలు కునుకు 20 నిమిషాలకు మించొద్దు. పడుకుని 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే చోట మసక వెలుతురులో కూర్చోవాలి, కళ్లు మూతపడుతుంటేనే పక్కమీదికి రావాలి. గడియారం చూడొద్దు, అంచనాగా చాలు. ఇల్లంతా ఒకటే గది అయితే చోటు మార్చడం కుదరదు. అప్పుడు పక్క మీద చదవడం, తినడం, ఫోన్ చూడడం మానేసినా సగం పనైనట్టే. ఎండాకాలం డాబా మీద పడుకునే అలవాటున్నవాళ్లకు ఈ బాధ తక్కువ, ఎండ వాళ్లను పడుకోనివ్వదు.

ఇది ఎక్కడ చెడుతుందంటే మొదటి వారంలో. నిద్ర తక్కువై తల బరువెక్కుతుంది, చిరాకు పెరుగుతుంది, "నాకు పని చేయట్లేదు" అని వదిలేస్తారు. కుదరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇంకోటి ఆదివారం. ఆ ఒక్కరోజు పదింటిదాకా పడుకుంటే వారం కష్టం సగం పోతుంది.

చదువు దగ్గర గొడవ వేరే. నల్లమలలో మన్ననూరు, అమ్రాబాద్ వైపు ఊళ్లలో, దేవరకొండ తండాల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కాలి. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో వీడియో క్లాసులు రెండు మూడు వింటే డేటా అయిపోతుంది. కెమెరా ఆపి, వీడియో క్వాలిటీ తగ్గించి వింటే చాలా మిగులుతుంది. సిగ్నల్ బాగున్న దోస్తు క్లాసు ఆడియో రికార్డ్ చేసి గ్రూపులో పెట్టేలా సారుతో ముందే మాట్లాడుకోవాలి. అసైన్‌మెంట్ ఆలస్యమవుతుందని తెలిస్తే గడువు దాటకముందే మెసేజ్ పెట్టాలి. గడువు దాటాక సిగ్గుపడి దాక్కుంటారు, ఆ దాక్కోవడమే తర్వాత గుండెల మీద కుంపటి అవుతుంది. బ్యాక్‌లాగ్ పేపర్లు ఉంటే అన్నీ ఒకేసారి తెరవొద్దు. పాసయ్యే అవకాశం ఎక్కువున్న పేపర్ తీసి, 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు లేవాలి. రోజుకు అలాంటివి నాలుగైతే మొదటి వారానికి చాలు.

ఇంట్లో ఉంటే పని తప్పదు. పత్తి ఏరాలి, నాట్లెయ్యాలి, ఉపాధి హామీ పనికీ పోవాలి. ఆడపిల్లలకైతే మూడు పూటలా వంట, పైగా పెళ్లి మాటలు. "చదువుకోనియ్యరు" అని లోపల ఉడికిపోవడం కన్నా ఒక్క టైము అడగడం నయం: "నాయినా, పొద్దున ఏడింటి నుంచి తొమ్మిదింటిదాకా నన్ను పిలవొద్దు, తొమ్మిది తర్వాత ఏ పని చెప్పినా చేస్త." రోజంతా అడిగితే ఎవరూ ఇవ్వరు. రెండు గంటలైతే ఇస్తారు, అదీ తొమ్మిదికి లేచి నిజంగా పని చేస్తేనే.

రంది తిరిగి తిరిగి వస్తుంటే దానికీ ఒక టైము పెట్టాలి. సాయంత్రం 15 నిమిషాలు, నోట్‌బుక్‌లో పేజీ మధ్యలో గీత. ఎడమవైపు మనం చేయగలిగినవి: ఫీజు రీయింబర్స్‌మెంట్ స్టేటస్ చూడడం, సార్‌కు ఫోన్. కుడివైపు మన చేతిలో లేనివి: పరీక్ష తేదీ, కాలేజీల మూత. ఎడమవైపు ఒక్కో దాని పక్కన రేపు ఏ టైముకో రాయాలి. కుడివైపు రాసి వదిలేయాలి. పగలు అదే రంది వస్తే "సాయంత్రం చూస్తా" అని పక్కన పెట్టాలి. పడుకునే ముందు మాత్రం ఈ పని చేయొద్దు, నిద్ర పారిపోతుంది. కరోనా లాంటి వార్తలకూ ఇదే పద్ధతి: రోజుకోసారి, పది నిమిషాలు.

ఉన్నట్టుండి గాబరా వచ్చి ఊపిరి ఆడనట్టు అనిపిస్తే చాలామంది గబగబా లోతుగా పీలుస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అది చూసి ఇంకా భయపడతారు. చేయాల్సింది నెమ్మదిగా వదలడం: ముక్కుతో నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి, ఐదు నిమిషాలు. గాబరా సాధారణంగా పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి తర్వాత దిగుతుంది. కరోనా సోకినప్పుడు మాత్రం ఆయాసాన్ని గాబరా అని కొట్టిపారేయొద్దు. ఆక్సిమీటర్ 94 కన్నా తక్కువ చూపినా, ఆరు నిమిషాలు నడిచాక 3 పాయింట్లకు మించి పడినా దవాఖానకు పోవాలి. గోరింటాకు, నెయిల్ పాలిష్, చల్లటి వేళ్లు ఉంటే రీడింగ్ తప్పొస్తుంది. వేలు మార్చి, రుద్ది మళ్లీ చూడాలి.

పైవన్నీ మూడు వారాలు చేసినా రుచి లేదు, మనుషులతో మాట్లాడబుద్ధి కాదు, ఊరికే ఏడుపొస్తుంది అంటే అది బద్ధకం కాదు. డిప్రెషన్ ఉందేమో చూడడానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ఫారంలో తొమ్మిది ప్రశ్నలు ఉంటాయి. గడిచిన రెండు వారాల మీద ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే చూపించుకోవాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచన గురించి. అక్కడ సున్నా కాక ఏ మార్కు వచ్చినా మొత్తం ఎంతన్నది చూడొద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు జనరల్ హాస్పిటళ్లలో మానసిక వైద్యుల ఓపీ పొద్దున పూట ఉంటుంది. ఇప్పుడు సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లోనూ సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా అడగాలి. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ మందగించినా అచ్చం డిప్రెషన్ లాగే నీరసం, నిరాశ ఉంటాయి. డిప్రెషన్ గోళీలు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం కడుపులో వికారం మాత్రం వెంటనే వస్తుంది. అందుకే గుణం కనపడకముందే బాధ కనపడి మానేస్తారు. నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు, మధ్యలో తమంతట తాము ఆపొద్దు. గాబరా తగ్గించే ఆల్ప్రజోలం గోళీలు మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనడం వేరే గండం. వారాల తరబడి వాడితే అలవాటవుతుంది, ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు.

పోయే వీలు లేనివాళ్లు సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేయొచ్చు: 14416. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

లోన్ యాప్ చిక్కు ఇంకొకటి. 2020 చివర్లో తెలంగాణలో ఫోన్లో అప్పులిచ్చే ఈ యాప్‌ల వసూలు వేధింపులు ప్రాణాల మీదికి తెచ్చాయి. బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి, యాప్‌కు కాంటాక్టుల పర్మిషన్ తీసేయాలి, ఇంకో యాప్‌లో అప్పు తెచ్చి కట్టొద్దు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అన్నిటికన్నా ముందు ఇంట్లో చెప్పాలి. యాప్ వాళ్ల చేతిలోని ఆయుధమే మీ పరువు భయం.

దోస్తు గ్రూపులోంచి ఎగ్జిట్ అయ్యాడు, ఫోన్ ఎత్తట్లేదు, తన పుస్తకాలు పంచేస్తున్నాడు అంటే నేరుగా అడగాలి: "అరే, చచ్చిపోవాలని అనిపిస్తుందారా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. పుట్టదు. చాలాసార్లు ఆ ప్రశ్నకే వాళ్ల నోరు పెగులుతుంది. అవునంటే ఉపదేశం వద్దు, ఒంటరిగా వదలొద్దు, వాళ్ల ఇంట్లో ఒక పెద్దమనిషికి చెప్పాలి. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే వేయొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం చచ్చిపోయే ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించడానికి వీల్లేదు. కాబట్టి కేసవుతుందని దవాఖానకు తీసుకుపోకుండా ఆగొద్దు. పత్తి, వరి చేసే ఇళ్లలో ఇంకో పని ఉంటుంది. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసి పెట్టెలో వేసి తాళం వేయాలి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండాలి. మిగిలిన గోళీల షీట్లూ అంతే. ఆ తలంపు గట్టిగా ఉండే గడియ చాలామందిలో ఎక్కువసేపు ఉండదు, అంతసేపు చేతికి ఏదీ అందకుండా చూడడమే ఇంట్లోవాళ్ల పని.