మంగళగిరి మెట్ల నుంచి హేమకుండ్ దాకా: దిగిన లెక్కలు

అక్టోబరు

ఈ లెక్కలు రాయడం మొదలైంది నా కుడి మోకాలి పుణ్యమా అని.

దసరాకి గుంటూరు వెళ్లినప్పుడు మా వదినగారు, అంటే మా ఆయన అక్కగారు, బ్రాడీపేటలో తన బాల్కనీలో కూర్చుని ఉన్నట్టుండి అన్నారు: "వచ్చే ఆగస్టులో పూల లోయకి వెళ్దామమ్మా. ఇంకో రెండేళ్లు ఆగితే నా కాళ్లు నా మాట వినవు." ఆవిడకి 54, నాకు 47. పూల లోయంటే ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ నేషనల్ పార్క్. సరే అనేశాను. పది నెలల తర్వాతి సంగతికి సరే అనడానికి ఏం పోయింది?

ఆ ఆదివారమే బలం చూసుకుందామని మంగళగిరి పానకాలస్వామి మెట్లెక్కాం. ఆగకుండా ఎక్కేశాను. ఇంతేనా అనుకున్నాను. దిగేటప్పుడు సగంలో కాళ్లు వణకడం మొదలైంది. చివరి మెట్లు గోడ పట్టుకుని అడ్డంగా, పీతలా దిగాను. సోమవారం పర్వాలేదు. మంగళవారం ఆఫీసులో కుర్చీలో కూర్చోవాలంటే టేబుల్ అంచు పట్టుకుని కూలబడాల్సి వచ్చింది.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళితే విషయం తేలింది. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బ్రేకు వేయాలి. అలవాటు లేకపోతే ఆ బ్రేకు వేయడంలోనే కండరం లోపల సన్నగా చిట్లుతుంది. అందుకే నొప్పి మర్నాడు కాకుండా రెండో రోజో మూడో రోజో ముదురుతుందట. ఆయాసం వస్తే నిలబడి ఊపిరి పీల్చుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. దిగే కాలు మొరాయిస్తే మాత్రం కొండ మీద ఇంకో దారి లేదు.

అందుకని ఈ పుస్తకంలో ఎక్కిన టైము రాయకూడదనుకున్నాను. దిగిన లెక్క ఒక్కటే రాస్తాను.

నవంబరు

మాది విజయవాడ సత్యనారాయణపురంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. లిఫ్టులో పైకి వెళ్లడం, మెట్ల మీద దిగడం. మొదటి వారం రోజుకు మూడుసార్లు, నెలాఖరుకి ఎనిమిది సార్లు. వాచ్‌మన్ నాలుగు రోజులు చూసి, ఆగలేక అడిగేశాడు: "మేడంగారూ, లిఫ్టు కిందికి రావట్లేదాండీ?"

మెట్టు మీంచి ధబీమని కాలు వేయకూడదు. పైన ఉన్న కాలి మోకాలు మెల్లగా వంచుతూ, మనసులో ఒకటి రెండు మూడు లెక్కపెట్టుకుంటూ కింది పాదాన్ని చప్పుడు లేకుండా ఆనించాలి. చెప్పుల చప్పుడు వినపడిందంటే బ్రేకు పడలేదని లెక్క. మోకాలు లోపలికి ఒరగకుండా రెండో వేలి వైపు చూస్తుండాలి. ఇంట్లో టీవీ చూస్తూ గోడకి వీపు ఆనించి, కుర్చీ లేకుండా కుర్చీ వేసుకున్నట్టు నిలబడటం ఇంకోటి. మొదటిరోజు 20 సెకన్లు. ఇప్పుడు నిమిషం పది సెకన్లు.

బరువు కూడా అలవాటు చేశాను. మొదట బ్యాగులో రెండు నీళ్ల సీసాలు, తర్వాత ఐదు కిలోల సోనా మసూరి ప్యాకెట్. మా ఆయన దాన్ని చూసి, "మనూళ్లో బియ్యం కొండెక్కడం విన్నాను కానీ దిగడం ఇదే చూడటం" అన్నారు.

డిసెంబరు

కొండవీడు. బూట్లు నేర్పిన పాఠం.

బూట్లు బీసెంట్ రోడ్డులో కొన్నాను. షాపు పేరు చెప్పను. "కరెక్ట్ సైజే తీసుకోండి మేడం, వాడగా వాడగా వదులవుతాయి" అన్నాడు కుర్రాడు. నమ్మాను. గుంటూరు నుంచి కారులో వెళ్లి, ఘాట్ రోడ్డు వదిలేసి కాలిబాట పట్టాం. రెడ్డిరాజుల కోట బురుజులు చూస్తూ ముత్యాలమ్మ చెరువు గట్టు దాకా హాయిగానే నడిచాం. అంత కొండ మీద చెరువు చూసి వదినగారు, "మరి కొండవీటి చాంతాడు అని ఊరికే అన్నారా? ఇక్కడ నుయ్యి తవ్వితే తాడు ఎంత పొడుగుండాలి!" అన్నారు. చిన్నప్పటినుంచీ వాడుతున్న మాట, దాని ఊళ్లో నిలబడి వినడం బాగుంది.

దిగేటప్పుడు ప్రతి అడుగుకీ బొటనవేలు బూటు ముందు గోడకి కొట్టుకుంది. ఇంటికొచ్చి సాక్సు తీస్తే గోరు కింద నల్లటి రక్తపు మచ్చ, చింతగింజంత. ఆ గోరు ఊడి కొత్తది రావడానికి ఆరు నెలలు పైన పట్టింది.

కాబట్టి: కొండ బూట్లు అర సైజు పెద్దవి ఉండాలి. సాయంత్రం పూట, నడిచేటప్పుడు వేసుకునే మందం సాక్సుతో వెళ్లి కొనాలి, ఎందుకంటే సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది. షాపులో ఏటవాలు పలక ఉంటే దాని మీద కిందికి నిలబడి చూడాలి, వేలు తగిలితే వద్దు. లేసు విషయం వదినగారి అబ్బాయి చూపించాడు: అన్నిటికన్నా పైనున్న రెండు రంధ్రాలతో రెండు పక్కలా చిన్న ఉచ్చులు చేసి, లేసు కొసలు ఎదుటి ఉచ్చులోంచి దూర్చి బిగిస్తే మడమ వెనక్కి అతుక్కుని ఉంటుంది, పాదం ముందుకు జారదు. రెండు నిమిషాల పని. ఆ రెండు రంధ్రాలూ ఎందుకున్నాయో 47 ఏళ్లు తెలీదు నాకు. గోళ్లు వెళ్లే ముందురోజు కాదు, మూడు రోజుల ముందు కత్తిరించుకోవాలి.

ఫిబ్రవరి, మార్చి

ఫిబ్రవరిలో తిరుపతి. అలిపిరి మెట్లు 3,550. గాలిగోపురం దాకా ఒళ్లు హూనం, తర్వాత తేలిక, చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ పరీక్ష. దర్శనం చేసుకుని మర్నాడు తెల్లారుజామున అదే దారిలో దిగాం. అందరూ ఎక్కుతుంటే మేం దిగుతున్నాం. "దర్శనం అయిందా అమ్మా?" అని అడిగినవాళ్లందరికీ జవాబు చెబుతూ 2 గంటల 50 నిమిషాలు. వణుకు లేదు. మూడో రోజు నొప్పి ఉంది కానీ కుర్చీలో మామూలుగానే కూర్చున్నాను.

మార్చిలో ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి. శేషాచలం అడవిలో ఉన్న ఈ తీర్థానికి మామూలు రోజుల్లో పోనివ్వరు. ఏడాదికి ఈ ఒక్క సందర్భంలోనే పాపవినాశనం దగ్గర్నుంచి అడవిలోకి వదులుతారు. మాఘ పౌర్ణమికి కుమారధార, పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం కూడా ఇలాగే. ఇదంతా 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ అడవి. హిమాలయాలకి వెళ్లేముందు మన నేషనల్ పార్క్‌లో నడవడం మర్యాద అనిపించింది.

మెట్లకీ అడవి బాటకీ పోలికే లేదు. మెట్టు ఎంత ఎత్తో ముందే తెలుసు. రాయికి ఆ మాట ఇవ్వడం తెలీదు. తడి రాయి, మట్టి, వేరు, మళ్లీ నీళ్లు. ప్రతి అడుగూ కళ్లతో చూసి వేయాలి. తీర్థం దగ్గర రెండు కొండ చరియల మధ్య సందులోకి పైనుంచి వెలుగు పడుతూంటే వదినగారు నీళ్లలో అలా నిలబడిపోయారు. తొందర పెట్టలేదు నేను. దారంతా టీటీడీ, అటవీశాఖ వాళ్లు ఉన్నారు. తినడానికి పెట్టారు, మజ్జిగ ఇచ్చారు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు రావద్దని మైకులో చెబుతూనే ఉన్నారు. నాకు కర్ర విలువ తెలిసింది ఇక్కడే. పొడుగు పెంచుకునే వీలున్న చేతికర్ర సమతలం మీద పట్టుకుంటే మోచెయ్యి తొంభై డిగ్రీలు వంగాలి. దిగేటప్పుడు దాన్ని ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొడుగు చేసుకోవాలి, లేకపోతే ముందుకు తూలతాం.

ఏప్రిల్, మే

మన ఎండలు. పొద్దున 5కి మంగళగిరి, 7కల్లా ఇంటికి. అంతకు మించి వద్దు, బడాయి అనవసరం. కొండ మీద తాగడానికి బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన పానకంలో చిటికెడు ఉప్పు కలిపి తీసుకెళ్లేదాన్ని. చెమటలో పోయినవి తిరిగిచ్చే డ్రింకు అని దుకాణాల్లో రంగునీళ్లు ఎంతకి అమ్ముతున్నారో చూస్తే, పానకాలస్వామికి ముందే తెలుసనిపించింది.

జులై

సామాను చిట్టా నిజంగానే కొండవీటి చాంతాడంత అయింది. సగం కొట్టేశాం. చివరికి మిగిలింది: పాంచో (తల మీంచి కప్పుకునే వాన కోటు), మూడు జతల సాక్సులు, త్వరగా ఆరే రెండు జతల బట్టలు, ఉన్ని టోపీ, టార్చి, మందులు, నువ్వుల ఉండలు. చీర వద్దని వదినగారిని ఒప్పించడానికి వారం పట్టింది.

డాక్టరుగారిని కలిశాం. మనం సముద్ర మట్టానికి యాభై మీటర్ల లోపు బతికే జనం. పూల లోయకి వెళ్లేవాళ్లు బస చేసే ఘంఘారియా 3,000 మీటర్లు దాటుతుంది. అక్కడ ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో 70 శాతం మాత్రమే. ఎంత దిగడం ప్రాక్టీసు చేసినా దీనికి మందు కాదు. తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం వస్తే ఆ రోజు పైకెక్కకూడదు. అడుగులు తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దిగిపోవాలి, రాత్రయినా సరే. ఎత్తుకి వాడే మాత్ర సల్ఫా రకం మందులు పడనివాళ్లు డాక్టరుని అడగకుండా మింగకూడదు. వదినగారికి సల్ఫా పడదు. అడిగినందుకు మేలయింది.

ఆగస్టు

ఋషీకేశ్ నుంచి జోషీమఠ్‌కి 250 కిలోమీటర్లు. దారిలో కొండచరియ పడి నాలుగు గంటలు ఆగాం. వానాకాలంలో వెళ్లేవాళ్లు చేతిలో ఒక రోజు అదనంగా పెట్టుకోవాలి. మర్నాడు గోవింద్‌ఘాట్, అక్కణ్నుంచి జీపులో పుల్నా, ఆ పైన సుమారు పది కిలోమీటర్లు నడిస్తే ఘంఘారియా. చివరి మూడు కిలోమీటర్లు నిట్టనిలువు.

గైడు అక్కడి కుర్రాడే. నన్ను దీదీ అన్నాడు, వదినగారిని మాతాజీ అన్నాడు. ఏడేళ్ల తేడాకి దీదీ, మాతాజీ ఏమిటని ఆవిడ మూడు రోజులు మొహం మాడ్చుకున్నారు. అతను నేర్పిన మొదటి సంగతి: కంచరగాడిదలు ఎదురైతే కొండ వైపు ఒదిగి నిలబడాలి, లోయ వైపు కాదు. వాటికి మన భయం తెలీదు, వీపు మీది మూట రాసుకుంటూ పోతాయి.

లోయలోకి ఆ జంతువుల్ని రానివ్వరు. గుడారం వేయనివ్వరు, సాయంత్రం లోపు తిరిగి బయటికి రావాల్సిందే. లోపల ఆగస్టు పూలు. భుజాల ఎత్తు గులాబీరంగు బాల్సమ్ గుబుర్ల మధ్య సన్నటి బాట, పాంచో మీద వాన చప్పుడు, అక్కడక్కడ రాళ్ల సందున ఒంటరి నీలి పాపీ. 1931లో కామెట్ శిఖరం ఎక్కి వస్తూ దారి తప్పి బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ ఇక్కడికి వచ్చాడట. 1982లో నేషనల్ పార్క్ అయింది, 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇవన్నీ గైడు అప్పజెప్పాడు, నేను సగమే విన్నాను. కానీ జోన్ మార్గరెట్ లెగ్ సమాధి దగ్గర మాత్రం ఆగాం. 1939లో మొక్కలు సేకరించడానికి వచ్చి, రాళ్ల వాలులో జారిపడి చనిపోయిందామె. వదినగారు పక్కనే రాలి ఉన్న రెండు పూలు తీసి రాతి మీద పెట్టారు. పూలు కోయడానికి వీల్లేదు కదా.

మర్నాడు హేమకుండ్, కొండ మీది సరస్సు ఒడ్డున ఉన్న సిక్కుల గురుద్వారా. ఆరు కిలోమీటర్లలో వెయ్యి మీటర్ల పైగా ఎక్కుడు, 4,000 మీటర్లు దాటి. ఎక్కిన టైము రాయనన్నాను కాబట్టి రాయను, చెప్పుకోదగ్గది కూడా కాదు. పది అడుగులకో ఆగుడు. గురుద్వారాలో వేడి కిచిడీ, టీ. ఆ టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని సరస్సు అంచున కూర్చుంటే, పొగమంచు విడి నీళ్లు ఒక్క నిమిషం కనిపించి మళ్లీ మూసుకుపోయాయి.

అసలు సంగతి దారిలో. గైడు రాళ్ల మధ్య వేలు చూపించి "బ్రహ్మకమల్" అన్నాడు. లేత పసుప్పచ్చ రెక్కలు, సిల్కు కాగితంలా, ఒకదాని మీద ఒకటి ముడుచుకుని ఉన్నాయి. వదినగారు వంగి చూసి, నా వైపు తిరిగి, "ఇదా! క్యాబేజీలా ఉందేమిటమ్మా?" అన్నారు.

ఆవిడ బాల్కనీలో బ్రహ్మకమలం ఉంది మరి. అది అర్ధరాత్రి పూస్తే వీధంతా పిలిచి, పసుపు కుంకుమ పెట్టి, ఫోటోలు గ్రూపుల్లో పంపిస్తారు. అది మెక్సికో వైపు నుంచి వచ్చిన నాగజెముడు జాతి మొక్క. పేరు మాత్రమే కలిసింది. అక్కడే చెప్పబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను. ఘంఘారియాలో రెండు దుప్పట్ల కింద పడుకున్నాక చెప్పాను. "ఇన్నాళ్లు కుంకుమ పెట్టింది జెముడుకా?" అని చాలాసేపు నవ్వారు.

హేమకుండ్ నుంచి దిగింది: 2 గంటల 40 నిమిషాలు. వాన, తడి రాళ్లు. కర్రలు పొడుగు చేసి, చిన్న అడుగులు, నిటారు చోట్ల అడ్డంగా మెలికలు తిరుగుతూ. వణుకు లేదు. గోళ్లు పదీ క్షేమం. రెండో రోజు నొప్పి కొంచెం, మూడో రోజు లేదు.

సెప్టెంబరు

మొన్న రాత్రి పదిన్నరకి వదినగారి ఫోను. "జెముడు పూస్తోంది, వచ్చేయండి." కారులో గుంటూరు వెళ్లేసరికి సగం విచ్చుకుంది. వీధివాళ్లందరూ వచ్చి దండం పెట్టుకుంటున్నారు. ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఎప్పట్లాగే కుంకుమ పెట్టారు. వచ్చే మాఘ పౌర్ణమికి కుమారధార అన్నారు నా చెవిలో.

వాళ్లది నాలుగో అంతస్తు. వెళ్లేటప్పుడు లిఫ్టులో వెళ్లాం. వచ్చేటప్పుడు నేను మెట్ల వైపు తిరిగితే, మా ఆయన ఏమీ అనకుండా నా వెనకే దిగారు. రెండో అంతస్తు దగ్గర ఆగి మోకాలు పట్టుకున్నారు.