గట్టు లేని సరిహద్దు, 59.50 యూరోలు

2025 మేలో నాన్న ఒక్కరే జర్మనీలో నేనుండే స్టుట్‌గార్ట్ వచ్చారు. అన్ని గంటలు విమానంలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవడం నావల్ల కాదని అమ్మ తెనాలిలోనే ఉండిపోయింది. దాంతో ఇక్కడ ఏం చూసినా ఆవిడకి వీడియో కాల్‌లో చూపించే డ్యూటీ నాన్న మీద పడింది. పారిస్‌లో ఈఫిల్ టవర్ కింద నిలబడి అరగంట మాట్లాడారు. పైసా ఖర్చు కాలేదు. వారం తర్వాత కొంప ముంచింది ఆ పారిసేనని అప్పుడు తెలీదు.

నాన్న ఫోన్‌లో రెండు సిమ్‌లు. తెనాలి సిమ్ బ్యాంకు ఓటీపీల కోసం. రెండోది నా కాంట్రాక్టు కింద తీసుకున్న జర్మన్ సిమ్. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల సిమ్ యూనియన్‌లో ఎక్కడికి పట్టుకెళ్ళినా, మామూలు ప్రయాణాలకి విడిగా రోమింగ్ చార్జీ ఉండదు. ఆ ధైర్యంతో పారిస్ రైలెక్కే ముందు డేటా రోమింగ్ నేనే ఆన్ చేశాను. తిరిగొచ్చాక ఆఫ్ చేయాలని ఎవరికి గుర్తుంటుంది?

అప్పట్లో నెలకి 58 యూరోలు పోసి కొన్న డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా లోకల్, రీజనల్ రైళ్ళకీ బస్సులకీ చెల్లే నెలవారీ పాసు) గిట్టుబాటు కావాలంటే శని, ఆదివారాలు ఇంట్లో కూర్చోకూడదని నాన్న సిద్ధాంతం. పైగా అది చందా. పదో తారీఖులోపు రద్దు చేయకపోతే వచ్చే నెలకీ డబ్బులు కోసేస్తారు. ఆ టికెట్ మీదే ఒక శనివారం, సరస్సు ఒడ్డున స్విస్ సరిహద్దులో ఉండే కోన్‌స్టాంట్స్ బయల్దేరాం. సింగెన్‌లో కనెక్షన్ రైలు తప్పిపోయింది. జర్మనీ రైళ్ళు ఠంచనుగా నడుస్తాయని తెనాలిలో ఎవరైనా అంటే నాన్న ఇప్పుడు నవ్వుతారు. ప్లాట్‌ఫామ్ మీదే పులిహోర డబ్బా తెరిచాం. సింగెన్ అంటే జర్మన్‌లో పాడటం అని చెబితే, "అందుకేనా మన ప్రోగ్రాం పాడైంది?" అన్నారు.

కోన్‌స్టాంట్స్ ఊరి గురించి ఎక్కువ చెప్పను, ఫొటోలు అందరూ చూసే ఉంటారు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. పాత ఊరు స్విట్జర్లాండ్‌కి ఎంత ఆనుకుని ఉంటుందంటే, రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిళ్ళు దీపాలు ఆర్పకుండా ఉంచి, పైన తిరిగే బాంబర్లకి ఇదంతా స్విస్ ఊరే అనిపించేలా చేశారని చెబుతారు. బాంబులు పడకుండా ఊరు మిగిలింది. విమానాలే పోల్చుకోలేకపోయిన చోట ఫోన్ ఏం పోల్చుకుంటుంది?

మధ్యాహ్నం సరస్సు ఒడ్డున సరిహద్దు దగ్గరికి వెళ్ళాం. ఒకప్పుడు అక్కడ కంచె ఉండేది. 2006లో పీకేశారు. దాని బదులు ఎత్తయిన ఎర్రటి ఉక్కు బొమ్మలు 22 వరసగా నిలబెట్టారు. ఇవతల జర్మనీలోని కోన్‌స్టాంట్స్, అవతల స్విట్జర్లాండ్‌లోని క్రొయిట్స్‌లింగెన్. నాన్న ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ పెట్టి నిలబడ్డారు.

"ఇదేనా బోర్డరు? గట్టు కూడా లేదేంటమ్మా! మన దగ్గర జానెడు గట్టు కోసం ఇరవయ్యేళ్ళు కోర్టు చుట్టూ తిరుగుతారు."

ఆ ఆశ్చర్యం అమ్మకి చూపించకపోతే ఎలా? ఫోన్ తీశారు. బొమ్మలు, సరస్సు, పడవలు, బెంచీ మీద ఐస్‌క్రీం తింటున్న నేను, అన్నీ చూపించారు. అటు పది అడుగులు వేసి "ఇప్పుడు స్విట్జర్లాండ్", ఇటు పది అడుగులు వేసి "ఇప్పుడు జర్మనీ". మధ్యలో ఫోన్ రెండుసార్లు కిణుక్కుమంది. చూడనైనా చూడలేదు. కాసేపటికి అమ్మ మొహం బిగుసుకుపోయి, కాల్ కట్టయింది.

"సిగ్నల్ పోయింది చూడమ్మా" అని ఫోన్ నా చేతికిచ్చారు.

సిగ్నల్ నిండుగానే ఉంది. కాకపోతే ఆ పైన కనిపించే పేరు మాది కాదు, స్విస్ కంపెనీది. మెసేజ్‌లు మూడున్నాయి, మూడూ జర్మన్‌లోనే. మొదటిది, స్విట్జర్లాండ్‌కి స్వాగతం, ఇక్కడ మీ ప్లాన్ చెల్లదు, రేట్లు ఇవీ అని. రెండోది, మీ పరిమితిలో 80 శాతం అయిపోయింది అని. మూడోది, 59.50 యూరోలు అయ్యాయి, డేటా ఆపేశాం, ఇంకా కావాలంటే జవాబు పంపండి అని.

నా ఐస్‌క్రీం చేతిలోనే కారిపోయింది. మన డబ్బుల్లో అయిదున్నర వేల పైమాటే. స్విట్జర్లాండ్ యూరప్ నడిబొడ్డున ఉన్నా యూరోపియన్ యూనియన్‌లో లేదు. ఆ ఉచిత రోమింగ్ రూలు దానికి వర్తించదు. కొన్ని ప్లాన్లలో స్విట్జర్లాండ్ కూడా కలిపి ఇస్తారు. నా ఆఫీసు సిమ్‌లో ఉంది కాబట్టి నాకెప్పుడూ ఈ గొడవ రాలేదు. చవగ్గా వచ్చిందని తీసుకున్న నాన్న సిమ్‌లో లేదు.

"మెసేజ్ వస్తే చూడలేదేంటి నాన్నా?"

"సిమ్ కంపెనీ మెసేజ్‌లు ఎవరు చూస్తారమ్మా? కాలర్ ట్యూన్ పెట్టుకోండి, రీఛార్జ్ చేసుకోండి అనేగా."

నిజమే, నేనూ ఇండియాలో ఉన్నప్పుడు చూసేదాన్ని కాదు. పైగా ఇవి జర్మన్‌లో ఉన్నాయి.

సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంత వాడిందో చూస్తే ఇంకో దొంగ బయటపడ్డాడు. వీడియో కాల్ ఒక్కటే కాదు, పొద్దుట్నుంచి తీసిన ఫొటోలు వెనకాల మొబైల్ డేటా మీద బ్యాకప్ అవుతూ ఉన్నాయి. వాట్సాప్‌లో మా చుట్టాల గ్రూపు శుభోదయం బొమ్మలు వాటంతటవే దిగుతున్నాయి. స్విట్జర్లాండ్ రేటుకి దిగిన గులాబీ పువ్వులు!

నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీటరు ఎక్కడుంటుంది?" అన్నారు.

ఈ ప్రశ్న అడిగే హక్కు ఆయనకున్నంతగా ఎవరికీ లేదు. తెనాలి బోస్ రోడ్డులో నాన్నకి ఎస్టీడీ బూత్ ఉండేది. గాజు క్యాబిన్, లోపల ఫ్యాను లేని ఉక్క, తలుపు పైన ఎర్ర అంకెల మీటరు. మాట్లాడేవాళ్ళ కళ్ళన్నీ దాని మీదే. అమెరికాలో కొడుకుకి ఫోన్ చేసే తల్లులు కుశల ప్రశ్నలన్నీ ఒక్క గుక్కలో అడిగేసేవాళ్ళు. పావు రేటు కోసం రాత్రి పొద్దుపోయాక క్యూ. డబ్బులు చాలనివాళ్ళు ముందే చెప్పేవాళ్ళు, "యాభై దాటేలోపు చెప్పు బాబాయ్" అని. నలభై అవగానే నాన్న రూపాయి బిళ్ళతో గాజు మీద టక్ టక్‌మని కొట్టేవారు.

"నలభైకి కొట్టేవాణ్ణి" అన్నారు ఇప్పుడు, ఆ రెండో మెసేజ్ చూస్తూ. "వీళ్ళూ కొట్టారు. జర్మన్‌లో కొట్టారు."

యూరోపియన్ రూలు ప్రకారం కంపెనీ డేటా రోమింగ్‌ని 50 యూరోల దగ్గర ఆపాలి. దానికి జర్మనీ పన్ను 19 శాతం కలిపితే సరిగ్గా 59.50. అంటే నాన్నకి జర్మన్ రాకపోవడం ఒక రకంగా మంచిదే అయింది. వచ్చి ఉంటే, అమ్మ మొహం మధ్యలో బిగుసుకుపోయిందని జవాబు పంపి ఉండేవారు.

ఆ బెంచీ మీదే రోమింగ్ ఆఫ్ చేశాను. నెట్‌వర్క్ ఎంపికలో ఆటోమేటిక్ తీసేసి మా జర్మన్ కంపెనీనే పట్టుకోమని పెట్టాను. ఫోన్ సంగతేమిటంటే, సొంత నెట్‌వర్క్ సన్నగిల్లగానే పక్క దేశం టవర్ మీదికి దూకుతుంది. మనం ఇవతలికి వచ్చేసినా ఆ టవర్ అందుతున్నంతసేపూ చాలాసార్లు దాన్నే పట్టుకు వేలాడుతుంది. నాన్న "ఇప్పుడు జర్మనీ" అన్న ప్రతిసారీ ఆయన ఫోన్ స్విట్జర్లాండ్‌లోనే ఉందన్నమాట. ఫొటోల బ్యాకప్ వైఫై ఉన్నప్పుడే అని మార్చాను. వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్ తీసేశాను. ఇదంతా పారిస్ వెళ్ళకముందు చేయాల్సిన పని.

సోమవారం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, నలభై నిమిషాలు పాట వినిపించి, రూలు ప్రకారమే పడిందన్నారు. పైగా పరిమితి ఉంది కాబట్టి అక్కడితో ఆగింది అని నాకే ఓదార్పు. ఒక్క యూరో కూడా తగ్గించలేదు.

ఆ శనివారం సాయంత్రం సరస్సు అవతలి ఒడ్డున ఉన్న మీర్స్‌బుర్గ్‌కి ఫెర్రీలో వెళ్ళాం. నీళ్ళ మీద ఎండ బాగుంది. నాన్న ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, చొక్కా జేబులో వేసుకుని, పైన చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. జేబుదొంగల బస్సులో కూర్చున్నట్టు.

రాత్రి ఇంటికొచ్చాక వైఫైలో అమ్మకి కాల్ చేశారు. అక్కడ తెల్లవారుజామున మూడున్నర, అయినా మొదటి రింగుకే ఎత్తింది.

"మధ్యలో పెట్టేశారేంటండీ?"

"డబ్బులయిపోయాయి."

"ఇంకా ఆ బూత్ జోకులేనా? సర్లెండి, ఆ ఎర్ర బొమ్మలు సగమే చూశాను. రేపు మళ్ళీ వెళ్తారా?"