మోకీలు మార్పిడిలో ఆరో వారం గండం: నా అనుభవం

నాకు కుడి మోకీలు మార్చి ఆరు నెలలు దాటింది. తెనాలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. బోర్డు ముందు నిలబడి గడిపిన ఏళ్ల వల్లనో, మా అమ్మ వైపు నుంచి వచ్చిన దొడ్డికాళ్ల వల్లనో, యాభై దాటగానే రెండు మోకాళ్లూ మొరాయించడం మొదలుపెట్టాయి. ఆపరేషన్ తరువాత కుడికాలిలో ఆ పాత నొప్పి పోయింది. ఆ విషయంలో శస్త్రచికిత్స చేసిన వైద్యుడికి చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే ఆపరేషన్ అయిన ఆరో వారంలో అదే వైద్యుడి గదిలో, నలుగురి ముందు నన్ను బద్ధకస్తురాలిగా నిలబెట్టిన తీరు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. ఆ నింద తప్పని ఆ ఆసుపత్రి కాగితాలే చెబుతున్నాయి కనుక, ఇదే దారిలో వెళ్లబోయేవారి కోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆపరేషన్ దాకా నేను వచ్చిన దారి చాలామందికి తెలిసినదే. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో మోకాలి లోపలివైపు గుజ్జు పూర్తిగా అరిగిపోయి, ఎముకకు ఎముక తగులుతున్నట్టు కనిపించింది. నూనెలు, కాపడాలు, మోకాలి పట్టీలు, జెల్ ఇంజెక్షన్లు అన్నీ అయిపోయాయి. 2000 అక్టోబరులో అప్పటి ప్రధాని వాజపేయి గారు ముంబయిలో ఒక మోకాలికి, మరుసటి ఏడాది రెండో మోకాలికి ఈ ఆపరేషన్ చేయించుకున్నప్పుడు స్టాఫ్ రూములో మేమంతా దాని గురించి వింతగా చెప్పుకున్నాం. ఇప్పుడు మా వీధిలోనే మోకీళ్లు మార్పించుకున్నవారు కనిపిస్తున్నారు. నా విషయంలో ఒక్క సంగతి మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగినదంతా దాని మీదే ఆధారపడింది. ఆపరేషన్‌కు చాలాకాలం ముందునుంచే నా కుడికాలు పూర్తిగా చాపుకునేది కాదు, పూర్తిగా ముడుచుకునేదీ కాదు. మంచం మీద వెల్లకిలా పడుకుంటే మోకాలి కింద నా అరచేయి నిలువుగా దూరేంత సందు ఉండేది. పీట మీద కూర్చుని కూర తరగడం, వాకిట్లో ముగ్గు వేయడం ఏనాడో మానేశాను. బస్సు మెట్టు ఎక్కాలన్నా ఎడమకాలే ముందు పెట్టేదాన్ని.

ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షలన్నీ సాఫీగా సాగాయి. పళ్లలో గానీ మూత్రంలో గానీ చిన్న ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది రక్తం ద్వారా కొత్త కీలుకు చేరవచ్చు కనుక వాటిని ముందే చూస్తారు. షుగరు ఉన్నవారికి హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగరు కూడా చూస్తారు. బీమా సొమ్ముకూ అడ్డు రాలేదు, ఎందుకంటే మా పాలసీ పాతది. కొత్తగా తీసుకునేవారు కీళ్ల మార్పిడికి ఎన్ని నెలలు ఆగాలో పాలసీ కాగితంలో చూసుకోండి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ గడువు 36 నెలలకు మించకూడదు. బిల్లు దగ్గర మాత్రం మా అబ్బాయి గట్టిగా నిలబడ్డాడు. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ కోబాల్ట్ క్రోమియం మోకీలుకు 54,720 రూపాయలు, టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం రకాలకు 76,600 రూపాయలు జీఎస్టీ కాకుండా గరిష్ఠ ధరగా ప్రకటించి, కీలు కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, ధర బిల్లులో విడిగా చూపాలని చెప్పింది. మాకు మొదట ఇచ్చిన బిల్లులో ప్యాకేజీ అని ఒక్క మాటే ఉంది. వాడు అడిగాక విడగొట్టి రాసిచ్చారు, కీలు డబ్బాల మీది స్టిక్కర్లు కూడా ఫైల్లో అంటించి ఇచ్చారు. ఎప్పుడైనా మళ్లీ ఆ కీలుకు ఆపరేషన్ అవసరమైతే ఏ కంపెనీది, ఏ సైజుది అని తెలిసేది ఆ స్టిక్కర్ల వల్లనే కనుక వాటిని పోగొట్టుకోవద్దు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వెన్నుకు మత్తు ఇచ్చి, తొడ ఎముక చివరా, కాలి ఎముక పైభాగమూ కొన్ని మిల్లీమీటర్ల మందం కోసి, లోహపు తొడుగులు సిమెంటుతో అతికించి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక అమర్చారు. మరునాడు వాకర్ పట్టుకుని నడిచాను.

ఇంటికి వచ్చాక ప్యాకేజీలో భాగంగా ఆసుపత్రివారే పంపిన ఫిజియోథెరపీ కుర్రాడు కొన్నాళ్లు వచ్చాడు. అతని పద్ధతి ఒక్కటే: నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, నేను వద్దు నాయనా అని అరిచేదాకా మడమ పట్టుకుని వెనక్కి తోయడం. ఆ సాయంత్రానికి మోకాలు వాచి వేడెక్కేది, మర్నాడంతా వంగేది కాదు, ఆపైన అతను మళ్లీ వచ్చేవాడు. అతను చెప్పినవీ, ఆసుపత్రి జిరాక్స్ కాగితంలో ఉన్నవీ ఒక్కటి వదలకుండా చేశాను. ఏ పూట ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేసిందీ పాఠాల డైరీ రాసినంత శ్రద్ధగా ఒక నోటు పుస్తకంలో రాశాను. సర్వీసంతా డైరీ ఒక్కరోజు వెనకపడకుండా రాసినదాన్ని. నా కాలి విషయంలో ఎగ్గొడతానా?

ఆరో వారం చూపించుకోవడానికి విజయవాడలో ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లాం. వైద్యుడి గదిలోకి ఒక్కొక్కరినే పిలిచే పద్ధతి లేదు. వైద్యుడి బల్ల ముందు ఒక రోగి, పరీక్ష బల్ల మీద ఇంకొకరు, గోడ వెంబడి కుర్చీల్లో తరువాతి వంతువారు, వారి వెంట వచ్చిన కొడుకులూ కోడళ్లూ. నన్ను బల్ల మీద పడుకోబెట్టి జూనియర్ డాక్టరమ్మ గోనియోమీటరుతో కొలిచింది. పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానినికి రెండు పొడవాటి స్కేళ్లు తగిలించినట్టుంటుంది ఆ పరికరం. మధ్యభాగాన్ని మోకాలి పక్కన ఆనించి, ఒక స్కేలును తొడ వెంబడి, రెండోదాన్ని చీలమండ వైపు పెట్టి చదువుతారు. పూర్తిగా చాపిన కాలు సున్నా, ఎంత వంగితే అన్ని డిగ్రీలు. "డెబ్బై ఎనిమిది సార్" అని గదంతా వినపడేలా చెప్పింది.

వైద్యుడు కంప్యూటరు మీది నుంచి చూపు తిప్పకుండానే, "ఏమ్మా, కాలు కదిలిస్తున్నారా, టీవీ ముందు కూర్చుంటున్నారా?" అన్నారు. నేను సంచిలోంచి నోటు పుస్తకం తీసి చాపాను. ఆయన అందుకోలేదు. "ఇలాంటివి చాలామంది రాసి తెస్తారమ్మా. మీరేం చేశారో మీ కాలే చెబుతోంది కదా" అన్నారు. గోడ పక్కన కూర్చున్న ఒక పెద్దాయనను కాలు వంచి చూపించమన్నారు. "ఈయనకు మీ తరువాతే చేశాను. నూట ఇరవై వస్తోంది. కష్టపడ్డారు, వచ్చింది" అన్నారు. ఆ పెద్దాయన పాపం ఇబ్బందిగా తల దించుకున్నారు. మావారు ఏదో చెప్పబోతే, "మీరే గారాబం చేస్తున్నారండీ" అని ఆయన నోరూ మూయించారు. పదిహేను రోజుల్లో తొంభై దాటకపోతే మత్తిచ్చి తానే వంచేస్తానని, దాని ఖర్చు ప్యాకేజీలో రాదని చెప్పి తరువాతి పేరు పిలిచారు.

అక్కడ ఉన్న ఒక్కరికీ నేనెవరో తెలియదు. అయినా ఆ బల్ల దిగి చెప్పులు వేసుకుని తలుపు దాకా నడిచేలోగా నా ముఖం మంటలెత్తిపోయింది. ఒక పిల్లవాడిని చూపించి ఇంకో పిల్లవాడిని చిన్నబుచ్చకూడదని బి.ఎడ్.లోనే చెబుతారు, నేను సర్వీసంతా ఆ నియమం తప్పలేదు. మార్కులు తక్కువ వచ్చినవాడిని ముందుగా అడగాల్సింది ఎక్కడ ఆగిపోయావని. ఎందుకు చదవలేదని కాదు. చదువుకున్న వైద్యుడికి ఆ మాత్రం తెలియకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అంతకంటే బాధ పెట్టింది ఇంటికి వచ్చాక జరిగినది. డాక్టరే అన్నాడంటే నిజమే అయి ఉంటుందని అందరికీ అనిపించింది. మా ఆడపడుచు ఫోనులో "వదినా, కొంచెం ఓర్చుకోవాలి మరి" అని మొదలుపెట్టింది. కోడలు పాపం ప్రేమతోనే నేను కుర్చీలో కూర్చున్నప్పుడల్లా "అత్తయ్యా, వ్యాయామం అయిందా?" అని అడిగేది. ఎవరూ అబద్ధమాడుతున్నావని అనలేదు, కానీ నా మాటకు విలువ తగ్గిందని ప్రతి ప్రశ్నలోనూ తెలుస్తూనే ఉంది.

గుంటూరులో నర్సుగా పనిచేస్తున్న మా తమ్ముడి కూతురు, "అత్తా, కేస్ షీటు కాపీ అడుగు, ఆపరేషన్‌కు ముందు నీ కాలు ఎంత వంగేదో అందులో రాసి ఉంటారు" అని చెప్పింది. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం, ఆసుపత్రిలో చేరి వైద్యం పొందిన రోగి అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. రికార్డుల విభాగంవారు మొదట డిశ్చార్జి సమ్మరీ ఉంది కదా అని తిప్పి పంపబోయారు. అక్కడే కూర్చుని ఆ నిబంధనను ఉటంకిస్తూ దరఖాస్తు రాసి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. జిరాక్సు ఖర్చు కట్టించుకుని గడువులోనే ఇచ్చారు.

చేరిన రోజు పరీక్ష రాసిన పేజీలో స్పష్టంగా ఉంది: కుడి మోకీలు చాపడంలో 15 డిగ్రీల లోటు, వంపు 85 డిగ్రీలు. అంటే నేను ఆపరేషన్ బల్ల ఎక్కేనాటికే నా మోకాలు 85కు మించి వంగేది కాదు. ఆరో వారంలో నేను వెనకపడింది 7 డిగ్రీలు. ఆపరేషన్ తరువాత ఎంత వంగుతుందన్నది ముందు ఎంత వంగేదన్న దాని మీద అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడుతుందని ఎముకల వైద్యులందరికీ తెలిసిన సంగతే. ఏళ్ల తరబడి ముడుచుకోని కాలిలో తొడ కండరమూ, కీలు చుట్టూ ఉన్న పొరా బిగిసిపోయి ఉంటాయి. లోపల లోహం కొత్తదైనంత మాత్రాన అవి సాగవు. పైగా చాపడంలోని లోటు 15 నుంచి 5కు తగ్గిందని ఆ రోజు డాక్టరమ్మే కొలిచింది. నడక బాగుపడటానికి అదే పెద్ద లాభం, దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పేజీని మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

మత్తిచ్చి వంచే చికిత్స పనికిరానిదని నేను అనడం లేదు. గుంటూరులో చూసిన రెండో వైద్యుడు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించి ఇన్‌ఫెక్షన్ లేదని, ఎక్స్‌రే చూసి కీలు సరిగానే కూర్చుందని తేల్చాక, దాన్ని చేసేదుంటే మొదటి మూడు నెలల్లోనే చేయాలని, ఆలోగా పద్ధతిగా వ్యాయామం చేసి చూద్దామని చెప్పారు. మా ఊళ్లోనే క్లినిక్ నడుపుతున్న ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి దగ్గరికి పంపారు. ఆమె మొదటి రోజు నా కాలు వంచనేలేదు. మోకాలి చిప్పను వేళ్లతో పట్టుకుని పక్కలకూ, పైకీ కిందికీ మెల్లగా జరపడం నేర్పింది. మోకాలి కింద దిండు పెట్టుకోవద్దని, మడమ కింద తువ్వాలు చుట్టపెట్టి మోకాలిని దాని బరువుతోనే కిందికి దిగనివ్వమని చెప్పింది. ఆసుపత్రి వార్డులో ఆయాలు ప్రతి రాత్రీ మోకాలి కిందే దిండు సర్దేవారు. నొప్పి మాత్ర వేసుకున్న అరగంటకు వ్యాయామం, అయ్యాక ఐసు. నున్నటి చెక్క మీద టాల్కం పౌడరు చల్లి, కుర్చీలో కూర్చుని పాదాన్ని వెనక్కి జార్చి, ఆగిన చోట పది లెక్కపెట్టి, అక్కడ సుద్దముక్కతో గీత గీయమంది. సుద్దముక్క నా చేతికి కొత్త కాదు కదా! గీత కొంచెం కొంచెంగా వెనక్కి జరిగింది. మూడు నెలల గడువు ముగిసేలోగా తొంభై దాటింది, మత్తు అవసరం రాలేదు. ఇప్పుడు 105 వంగుతోంది.

105 తక్కువని బాధపడేవారికి ఒక లెక్క చెబుతాను. సమతలం మీద నడవడానికి 70 డిగ్రీల లోపే చాలు, మెట్లు ఎక్కడానికి 85 దాకా, కుర్చీలోంచి సులువుగా లేవడానికి 95 దాకా కావాలి. నేల మీద గొంతుక్కూర్చోవడానికి దాదాపు 130 కావాలి కానీ, మార్చిన కీలుతో అది చాలామందికి రాదు, వైద్యులు వద్దనే అంటారు. ఇంట్లో పాతరకం మరుగుదొడ్డి ఉంటే ఆపరేషన్‌కు ముందే మార్పించుకోండి.

ఎంత మేలు జరుగుతుందన్నది కూడా ముందే అడిగి తెలుసుకోవాలి. 2019లో లాన్సెట్‌లో వచ్చిన పరిశోధన ప్రకారం మార్చిన మోకీళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తున్నాయి. ఇది ప్రతి ఆసుపత్రీ చెబుతుంది. మోకీలు మార్పించుకున్న ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరికి ఎంతో కొంత నొప్పో అసంతృప్తో మిగులుతుందని కూడా పరిశోధనలే చెబుతున్నాయి; ఇది నాకు ఒక్కరూ చెప్పలేదు. కుట్టుకు బయటివైపు అరచేయి మేర నాకు ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు. చర్మానికి వెళ్లే సన్నని నరం కోతలో తెగడం వల్ల అలా జరుగుతుందట, ప్రమాదం లేదు. మెట్లు దిగుతుంటే లోపల టక్‌మని శబ్దం వస్తుంది, సాయంత్రానికి కొంచెం వేడిగా ఉంటుంది. ఇవి మామూలేనని ఒక కాగితం ముక్క మీద రాసిచ్చి ఉంటే ఎన్నో రాత్రుల బెంగ తప్పేది. జ్వరం రావడం, కుట్టు నుంచి రసి కారడం, పిక్క వాచి నొప్పి పెట్టడం మాత్రం మామూలు కాదు, వెంటనే వెళ్లాలి.

నా సలహా ఒక్కటే: శస్త్రవైద్యుడి పేరు వెతికేంత శ్రద్ధతో ముందు మీ ఊళ్లో ఫిజియోథెరపిస్టును వెతుక్కోండి, ప్యాకేజీలో ఉచితంగా వచ్చేవారిని నమ్ముకోవద్దు. ఆపరేషన్ గంటన్నర పని. మిగిలిన నెలలన్నీ మీతో ఉండేది ఆ మనిషే.

ఎండలు తగ్గాక ఎడమ మోకీలు గుంటూరు వైద్యుడి దగ్గర చేయించుకుంటున్నాను. తొడ కండరం బలపడటానికి వ్యాయామాలు ఇప్పటినుంచే చేస్తున్నాను. ఆయన నా ముందే ఎడమకాలు కొలిచి, వంపు 100, చాపడంలో లోటు 10 అని, ఆపరేషన్ తరువాత ఎంత ఆశించవచ్చో కూడా రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఆ కాగితం కాపీ ఒకటి మా ఫిజియోథెరపిస్టు అమ్మాయికి ఇచ్చాను.