పీఓఈ బడ్జెట్ చూశాకే బేరం

మాదాపూర్‌లో మా కొత్త ఆఫీసుకి నెట్‌వర్క్ సామాను కోసం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ అంతా తిరిగాం. షాపుల్లో అందరూ యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పరికరం) స్పీడు గురించే చెప్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది స్విచ్, అంటే కేబుళ్లతో పరికరాలన్నిటినీ కలిపే పెట్టె. ఒక స్విచ్ డబ్బా తిప్పి చూస్తే 24 పోర్టులున్నాయి, పీఓఈ బడ్జెట్ (నెట్‌వర్క్ కేబుల్‌లోంచే పరికరాలకి స్విచ్ ఇవ్వగల మొత్తం కరెంటు) మాత్రం 370 వాట్లే! 802.3ఏటీ అనే పీఓఈ ప్రమాణంలో ఒక్కో పోర్టు 30 వాట్ల దాకా ఇస్తుంది. అంటే ఫుల్ లోడ్ పడితే 12 పోర్టులకే సరి. కెమెరాలు, ఐపీ ఫోన్లు కూడా దాని మీదే కదా! అన్నీ కాగితం మీద కూడుకుని, రేటు ఎక్కువైనా పెద్ద బడ్జెట్ ఉన్న మోడలే తీసుకున్నాం.

పక్క ఆఫీసుల వైఫై సిగ్నళ్లు బోలెడు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తగలని ఛానళ్లు 1, 6, 11 మూడే. అందుకే ల్యాప్‌టాప్‌లన్నీ 5 గిగాహెర్ట్జ్‌కి మార్చేశాం. ఇప్పుడు మా అకౌంట్స్ మేడమ్ వీడియో కాల్ మధ్యలో ఆగట్లేదు. చాలా సంతోషంగా ఉంది.